భారం అవుతానన్న నమ్మకం 90 నుంచి 30కి ఎలా దిగింది

థెరపీకి వెళ్తున్నానని తెలిసినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ ఏం చెబుతారు?" ఏదో గొప్ప మాట చెబుతారని, అది చెవిన పడగానే మనసు కుదుటపడుతుందని వాళ్ళ ఊహ. మా థెరపిస్ట్ నాకు చెప్పింది చాలా తక్కువ. ఆవిడ నోటి నుంచి వచ్చిన వాక్యాల్లో చాలావరకు అంతకుముందు నేను అన్నవే. మిగిలినవాటిలో ఎక్కువ ప్రశ్నలు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళు ఎంత చెప్పినా కదలని నమ్మకం ఆ కాసిని మాటలకే ఎలా కదిలిందో రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

ఆ నమ్మకం ఇది: ఎవరినైనా సాయం అడిగితే నేను వాళ్ళకి భారం అవుతాను. రాస్తే ఇంత చిన్నగా ఉంది గానీ రోజులో అది దూరని చోటు లేదు. ఆఫీసులో అర్థం కాని పనిని పక్కవాళ్ళని అడిగితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. నేను మాత్రం అర్ధరాత్రి దాకా ఒక్కదాన్నే కూర్చుని తేల్చుకునేదాన్ని. జ్వరం వస్తే తగ్గాక చెప్పేదాన్ని. నేను పంపే ప్రతి మెసేజ్ 'సారీ, డిస్టర్బ్ చేస్తున్నా' అనే మొదలయ్యేది. చివరికి నిద్ర పోయింది, ఆకలి పోయింది. పరీక్షలన్నీ చేయించాక డాక్టరే థెరపిస్ట్ దగ్గరికి పంపారు.

ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. "నువ్వు భారం ఏంటి, పిచ్చిదానా" అని ఎన్నిసార్లు అన్నారో! వాళ్ళు అలా అన్న ప్రతిసారీ నా లోపల ఒక లాయరు లేచి నిలబడేది. 'ప్రేమ కొద్దీ అంటున్నారు', 'ఇంకేమంటారు పాపం', 'అసలు ఇలా ఓదార్చాల్సి రావడమే వాళ్ళకి భారం కదా'. వాళ్ళు ఒక కారణం చెబితే నేను ఎదురు రెండు వెతికేదాన్ని. వెతికిన కొద్దీ నా నమ్మకానికే బలం వచ్చేది. దీన్ని థెరపీ ప్రపంచం ఎప్పుడో పట్టుకుందని నాకు తర్వాత తెలిసింది. మద్యం సమస్య ఉన్నవాళ్ళతో పనిచేసిన విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో, మారడానికి కారణాలు ఆ మనిషి నోటి నుంచే వచ్చేలా మాట్లాడే 'మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్' పద్ధతి గురించి మొదటిసారి రాశారు. మారమని థెరపిస్ట్ ఎంత గట్టిగా వాదిస్తే, ఎదుటి మనిషి మారకపోవడానికి అంత గట్టిగా కారణాలు వెతుక్కుంటారన్నది అందులో మూలమైన గమనిక. ఎదుటివాళ్ళని వెంటనే సరిచేసేయాలన్న తపనకి ఈ పద్ధతివాళ్ళు ప్రత్యేకంగా పేరు కూడా పెట్టుకున్నారు. మా ఇంట్లో అందరికీ ఆ తపన పుష్కలం.

మొదటి సెషన్లో నేను ఏదో చెబుతూ, "అందరికీ నేను భారమేనండీ" అన్నాను. ఓదార్పు వస్తుందని ఎదురుచూశాను. లాయరు సిద్ధంగా ఉంది. ఆవిడ నెమ్మదిగా, "అందరికీ," అన్నారు. అంతే. అందులో వెటకారం లేదు, ప్రశ్న కూడా లేదు. నా మాటని తీసి నా ముందు పెట్టి ఊరుకున్నారు.

"అంటే అందరికీ అని కాదు. మా చెల్లికి కాకపోవచ్చు. అది నన్ను బాగా పీడిస్తుంది కాబట్టి చెల్లుకు చెల్లు." ఈ సవరణ నాది. ఎవరూ అడగలేదు. అవతల వాదించే మనిషి లేకపోయేసరికి నా లాయరుకి పని లేకుండా పోయింది, దాంతో నేనే నా మాటని కొంచెం తగ్గించుకున్నాను.

ఇలా తిరిగి అనడం చిన్న విషయంలా కనిపిస్తుంది. దీనికి పెద్ద చరిత్రే ఉంది. క్లయింటు చెప్పినదాన్ని, దాని వెనక ఉన్న భావాన్ని తిరిగి వినిపించడం అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పేరుతో ముడిపడిన పద్ధతి. దాన్ని చిలకపలుకులని ఎగతాళి చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజమే, చేతకానివాళ్ళ చేతిలో అది చిలకపలుకే. మా థెరపిస్ట్ నా వాక్యం మొత్తాన్ని ఎప్పుడూ తిరిగి అనేవారు కాదు. బరువంతా ఏ మాట మీద ఉందో దాన్నే ఏరి పట్టుకునేవారు. 'అందరికీ', 'ఎప్పుడూ', 'తప్పకుండా'. ఏది ఏరాలన్న దగ్గరే పనితనం ఉందని నా అభిప్రాయం.

కొన్ని వారాలకి ప్రశ్నలు లోతుకి దిగాయి. ఆ రోజు సంభాషణ నాకు దాదాపు మాట మాటా గుర్తుంది.

"మీ పక్క సీటు ఆయన్ని సాయం అడిగారనుకోండి. ఏమవుతుందని మీ భయం?"

"విసుక్కుంటాడు."

"విసుక్కుంటే?"

"మనసులో పెట్టుకుంటాడు. నెమ్మదిగా దూరం పెడతాడు."

"దూరం పెట్టాడనుకుందాం. అది మీ గురించి ఏం చెబుతుంది?"

నేను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను ఎవరికీ అక్కర్లేని మనిషినని," అన్నాను. ఆ మాట బయటికి అనడం జీవితంలో అదే మొదటిసారి.

ఆవిడ కాదనలేదు. "అక్కర్లేని మనిషిని. ఇంత మాట లోపల పెట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్తున్నారు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఇంకొకరెవరైనా ఉంటే 'ఛ, అలా అనకు' అనేసేవారు, నేనూ కళ్ళు తుడుచుకుని ఆ మాటని మళ్ళీ లోపలికి తోసేసేదాన్ని.

ఒక ఆలోచన కింద ఏముందో, దాని కింద ఇంకేముందో అడుగుతూ దిగడం, మన ఆలోచనల్నే పరీక్షించి చూసుకునే కాగ్నిటివ్ థెరపీలో అందరికీ తెలిసిన పద్ధతే. కిందికి దిగే బాణం అంటారు దాన్ని. ఈ థెరపీకి పునాది వేసిన ఆరన్ బెక్ పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సైకియాట్రిస్టుగా పనిచేశారు. మొదట సైకో అనాలిసిస్‌లో శిక్షణ పొందినవారు. రోగులు పైకి చెబుతున్న కథ వెనక, వాళ్ళు కూడా సరిగా గమనించుకోని ఇంకో ఆలోచనల ధార నడుస్తోందని 1960ల్లో ఆయన గుర్తించారు. పైపైన మెరిసి మాయమయ్యేవి అప్రయత్నంగా వచ్చే ఆలోచనలు. వాటి కింద 'ఇలా చేస్తే అలా అవుతుంది' అనే షరతులు. అన్నిటికన్నా అడుగున మన గురించి మనం వేసుకున్న ముద్ర. నా విషయంలో 'విసుక్కుంటాడు' పైది, 'అడిగితే భారం అవుతాను' మధ్యది, 'అక్కర్లేని మనిషిని' అడుగుది. ఇదంతా ఆవిడ నాకు ముందే బొమ్మ గీసి పాఠం చెప్పి ఉంటే బుద్ధిగా తలూపి ఇంటికొచ్చేదాన్ని. నా నోటితో నేనే అడుగు దాకా దిగాక అప్పుడు కాగితం మీద గీసి చూపించారు.

ఆ రోజే ఇంకోటి అడిగారు. "అడిగితే భారం అవుతానన్న మాటని ఈ క్షణంలో ఎంత నమ్ముతున్నారు? సున్నా నుంచి వంద లోపు."

"90."

"మిగతా 10?"

నాకు కోపం వచ్చింది. ఇంత బరువైన మాట చెబితే లెక్కలు అడుగుతారేంటి! దారిలో ఆలోచించాను. అవును, ఆ 10 ఏంటి? అప్పటిదాకా నా నమ్మకం ఉందా లేదా అన్నట్టే ఉండేది. ఒక అంకె వేసుకున్నాక అది పెరగగలదు, తగ్గగలదు అని మొదటిసారి తోచింది.

నా లోపలి సంగతి బయటి మనుషుల గురించి మాట్లాడుకున్నప్పటికన్నా, ఆ గదిలోనే ఆవిడకీ నాకూ మధ్య జరిగినదాని గురించి మాట్లాడుకున్నప్పుడే ఎక్కువ తెలిసింది. ఒకసారి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "సారీ మేడమ్, మీ టైం తినేస్తున్నాను," అన్నాను.

"నాకు విసుగ్గా ఉందని మీకు ఎలా తెలిసింది? నాలో ఏం కనిపించింది?"

"గడియారం చూశారు."

"చూశాను. ఎందుకు చూశానని అనుకున్నారు?"

"ఎప్పుడు అయిపోతుందా అని."

"ఇంకేమైనా కారణం ఉండొచ్చా?"

కాసేపు ఆలోచించాను. తోచలేదు. "మీరే చెప్పండి" అన్నాను.

"మీరు చెబుతున్నది ముఖ్యమైన చోటికి వస్తోంది. మధ్యలో తెగిపోకుండా సరిపడా టైం ఉందో లేదో చూశాను."

ఇది ఓదార్పు కాదా, మరి దీన్ని ఎందుకు నమ్మావు అని మీరు అడగొచ్చు. నేనూ ఆలోచించాను. గడియారం చూడలేదని ఆవిడ బుకాయించలేదు. నేను చూసింది నిజమేనని ఒప్పుకున్నారు, నేను తీసిన అర్థాన్ని మాత్రం విడదీసి పక్కన పెట్టారు. చూసింది వేరు, అనుకున్నది వేరు. ఈ రెండూ నాకు ఎప్పుడూ కలిసే వచ్చేవి. ఇప్పటికీ ఎవరి మొహమైనా చిన్నబోతే నేను ముందు వేసుకునే ప్రశ్న అదే: నేను చూసిందేంటి, అనుకున్నదేంటి?

అన్నీ ఇలా కుదిరాయని రాస్తే అబద్ధం అవుతుంది. ఒకసారి నేను పాత ఉద్యోగం గురించి ఏదో చెబుతుంటే ఆవిడ అందుకుని, "చిన్నప్పుడు మీ అవసరాలు పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు అడగడానికి భయపడుతున్నారు," అన్నారు. మాటలో తప్పు లేకపోవచ్చు. నాకు మాత్రం తలుపు మొహాన వేసినట్టు అనిపించింది. మా అమ్మానాన్నల గురించి నేను అప్పటికి సరిగా ఏమీ చెప్పనేలేదు. "అవునండీ, అయ్యుండొచ్చు," అని తలూపి, మిగతా సెషనంతా మర్యాదగా మాట్లాడి వచ్చేశాను.

ఈ పద్ధతిలో ప్రతి సెషన్ చివరా ఫీడ్‌బ్యాక్ అడగడం రివాజు. "ఈరోజు నేను అన్నవాటిలో మీకు కష్టంగా అనిపించింది ఏమైనా ఉందా?" అని ప్రతిసారీ అడిగేవారు. ప్రతిసారీ నేను "అబ్బే, ఏం లేదండీ, చాలా బాగుంది" అనేదాన్ని. భారం కాకూడదనుకునే మనిషి ఇంకేమంటుంది? ఆ రోజూ అదే అన్నాను. తర్వాతి వారం వెళ్ళి కూర్చున్నాక, ఎలా వచ్చిందో తెలియదు గానీ, "పోయినసారి మీరు మా అమ్మానాన్నల గురించి అన్నది నాకు నచ్చలేదు," అనేశాను. అని, కుర్చీ అంచుకి జరిగాను.

"చెప్పడం మంచిదైంది. నేను తొందరపడ్డాను. మీరు ఇంకా చెప్పని విషయానికి నేనే ముగింపు రాసేశాను," అన్నారు. తర్వాత, "ఆ మాట విన్నప్పుడు లోపల ఏమైంది?" అని అడిగారు. చెప్పాను. చెప్పడానికి చాలా సమయం పట్టింది. అంతా అయ్యాక ఇంకో ప్రశ్న: "ఇప్పుడు మీరు నాకు కొంచెం ఇబ్బంది కలిగించే మాటే చెప్పారు. చెప్పేముందు ఏం జరుగుతుందనుకున్నారు? ఏం జరిగింది?"

ఏం జరగలేదు. ఆవిడ అక్కడే ఉన్నారు, మామూలుగానే ఉన్నారు. పైగా నేను చెప్పింది ఆవిడకి పనికొచ్చినట్టుంది. ఆ వారం నా అంకె 70కి వచ్చింది. నా నమ్మకానికి మొదటి గట్టి దెబ్బ ఆవిడ తప్పుగా అన్న మాట వల్ల, ఆ తప్పుని ఆవిడ సరిదిద్దుకున్న తీరు వల్ల తగిలింది. థెరపిస్టుతో సంబంధంలో వచ్చే ఇలాంటి బీటల గురించి, వాటిని పూడ్చే మాటల గురించి చాలా పరిశోధన జరిగింది. ఎందుకు జరిగిందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఇంటర్నెట్లో 1965 నాటి ఒక శిక్షణ ఫిల్మ్ చూశాను. ఒకే క్లయింటుతో ముగ్గురు థెరపిస్టులు విడివిడిగా మాట్లాడతారు: కార్ల్ రోజర్స్, ఫ్రిట్జ్ పెర్ల్స్, ఆల్బర్ట్ ఎల్లిస్. రోజర్స్ మెత్తగా వింటారు. ఎల్లిస్ గబగబా మాట్లాడతారు, ఆ క్లయింటు ఆలోచనలో తర్కం ఎక్కడ తప్పుతోందో వేలు పెట్టి చూపిస్తారు. నాకు ఎల్లిస్ తెగ నచ్చారు. పని త్వరగా అయిపోతుంది కదా అనిపించింది. మా థెరపిస్టుని అడిగాను, "మీరు అలా వాదించరేం?"

"మీతో వాదిస్తే మీరు ఇక్కడే ఒప్పేసుకుంటారు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని," అన్నారు. "ఇంటికి వెళ్ళాక నమ్మరు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎదుటి మనిషి నమ్మకం ఏంటన్నదాన్ని బట్టి మాట తీరు మారాలన్నది నాకు అప్పుడు అర్థమైంది. వాదనకి వాదన ఇచ్చే మనిషికి ఎల్లిస్ తీరు బాగా పట్టొచ్చు. నాలాంటి తలూపే మనిషికి మాత్రం దానివల్ల ఇంకో 'అవునండీ' మిగులుతుంది, అంతే.

మా థెరపిస్ట్ పద్ధతికి దగ్గరగా ఉన్నది క్రిస్టీన్ పడెస్కీ అనే సైకాలజిస్టు 1993లో లండన్‌లో చేసిన ప్రసంగంలో కనిపించింది. సోక్రటిక్ ప్రశ్నల (సోక్రటీస్‌లా జవాబు చెప్పకుండా ఆలోచింపజేసే ప్రశ్నల) ఉద్దేశం క్లయింటు మనసు మార్చడమా, లేక వాళ్ళే కనుక్కునేలా తోడు నడవడమా అని పడెస్కీ అడిగారు. ఆవిడ మొగ్గు రెండో దానివైపే. అందులో నాలుగు దశలు చెప్పారు: సమాచారం రాబట్టే ప్రశ్నలు, శ్రద్ధగా వినడం, విన్నదాన్ని క్లుప్తంగా తిరిగి చెప్పడం, చివరగా వచ్చిందంతా కలిపి చూడమనే ప్రశ్న. చదవగానే, అరె, మా సెషన్ ఇదే కదా అనుకున్నాను.

మా సెషన్‌లో అది ఇలా నడిచింది. నన్ను ఎవరెవరు సాయం అడుగుతారో మా థెరపిస్ట్ అడిగారు. చెల్లి, ఇద్దరు స్నేహితులు, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి. వాళ్ళు అడిగినప్పుడు నాకెలా ఉంటుందని అడిగారు. బాగుంటుంది, నమ్మి అడిగారనిపిస్తుంది అన్నాను. ఎప్పుడూ విసుగు రాదా? వస్తుంది, పని ఒత్తిడిలో ఉంటే వస్తుంది. వచ్చినప్పుడు వాళ్ళని అక్కర్లేని మనుషులని అనుకుంటారా? ఛ, లేదు, కాసేపట్లో పోతుంది. ఇవన్నీ ఆవిడ రాసుకుంటున్నారు. తర్వాత తలెత్తి నా మాటలతోనే కుప్ప పోశారు: "వాళ్ళు అడిగితే మిమ్మల్ని నమ్మి అడిగినట్టు. ఒక్కోసారి విసుగొచ్చినా కాసేపట్లో పోతుంది, వాళ్ళ మీద ఇష్టం పోదు. మీరు అడిగితే మాత్రం ఎదుటివాళ్ళకి విసుగొస్తుంది, అది పోదు, మీరు అక్కర్లేనివాళ్ళు అయిపోతారు. సరిగ్గానే విన్నానా?"

"సరిగ్గానే విన్నారు."

"ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకేమనిపిస్తోంది?"

ఆ తర్వాత ఆవిడ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని ఓపిగ్గా మోయడం కూడా ఒక నైపుణ్యమే. మామూలు మనుషులం మూడు సెకన్లు కూడా ఆగలేం, 'అందుకే నేననేదేంటంటే' అని మొదలుపెట్టేస్తాం. జవాబు ఆవిడ ఇచ్చి ఉంటే అది ఆవిడ అభిప్రాయం అయ్యేది. నాకు వచ్చిన జవాబు నాది: "నాకు ఒక రూలు, లోకానికి ఒక రూలు పెట్టుకున్నాను." నాది కాబట్టి దాన్ని కొట్టిపారేయడానికి నా లాయరుకి దారి దొరకలేదు.

మాటలతోనే సరిపెట్టలేదు. పరీక్షించి చూద్దామన్నారు. పక్క సీటు ఆయన్ని ఒక ఎక్సెల్ షీటు గురించి అడగాలి. అడిగే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో రాసిపెట్టుకోవాలి. 'మొహం చిట్లిస్తాడు, తర్వాత మాట్లాడడం తగ్గిస్తాడు' అని రాశాను. అడిగాను. "ఇప్పుడు కుదరదండీ," అన్నాడాయన, స్క్రీన్ మీంచి తల కూడా తిప్పకుండా. నేను విజయగర్వంతో సెషన్‌కి వెళ్ళాను. చూశారా, నేను చెప్పలేదా!

"కాదన్నారు," అన్నారావిడ. "అది నిజంగానే జరిగింది. మీరు రాసుకున్నదాంట్లో రెండోది?"

ఆలోచించాను. మధ్యాహ్నం ఆయనే వచ్చి, "పొద్దున ఏదో అడిగారు, తేలిందా?" అన్నాడు. నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆవిడ దీన్ని పెద్దది చేయలేదు, 'చూశారా మరి' అనలేదు. "ఇది మీ కాగితంలో ఎక్కడ రాయాలి?" అని మాత్రం అడిగారు. నేనే రాసుకున్నాను. కష్టంగానే రాసుకున్నాను.

పాత నమ్మకం సడలాక దాని చోట ఏం పెట్టుకుంటారని అడిగినప్పుడు, నేను హుషారుగా, "నేనంటే అందరికీ ఇష్టమే," అన్నాను.

"దీన్ని ఎంత నమ్ముతున్నారు?"

"15."

"మరి 70 దాకా నమ్మగలిగేది ఏదైనా ఉందా?"

చాలాసార్లు కొట్టేసి, తిరగరాసి, చివరికి నేను రాసుకున్న వాక్యం ఇది: 'అడిగితే కొందరు చేస్తారు, కొందరు కుదరదంటారు, ఒకరిద్దరు విసుక్కోవచ్చు. అయినా మేం మళ్ళీ మామూలుగానే మాట్లాడుకుంటాం.' గోడ మీద రాసుకునేంత అందమైన వాక్యమేమీ కాదు. ఆవిడ ఒక్క పదం కూడా మార్చలేదు.

ఇప్పుడు సెషన్లు దూరమయ్యాయి. పాత నమ్మకం అంకె 30 దగ్గర ఆగింది. దాన్ని సున్నా చేయాలా అని అడిగాను. "ఆ 30 ఏమంటోంది?" అన్నారు. నిజంగానే కొందరికి నేను విసుగు తెప్పిస్తానంటోంది అన్నాను. "అది నిజం కావచ్చు," అన్నారు. ఈ మాట ఏడాది కిందట విని ఉంటే నాకు ఆ వారం నిద్ర పట్టేది కాదు. పాత నమ్మకం మళ్ళీ ఎప్పుడు బలంగా రావచ్చో ముందే రాసుకోమన్నారు. ఒంట్లో బాలేనప్పుడు, కొత్త చోట చేరినప్పుడు అని రాశాను. అలాంటప్పుడు ఎవరిని అడుగుతారని దాని కింద ఇంకో గడి ఉంది. మూడు పేర్లు రాశాను. మొదటిది మా చెల్లిది.